స్పానిష్ నియత క్రియలు (వర్తమాన కాలము)

స్పానిష్ భాషలో ధాతువు ఏ మార్పూ చెందకుండా, నిర్ణీతమైన ప్రత్యయములను మాత్రమే చేర్చుకొని పురుషను, వచనమును తెలిపే క్రియలను '''నియత క్రియలు''' అంటారు. స్పానిష్ నిఘంటువులో ప్రతి క్రియయూ "ఆర్", "ఏర్", "ఈర్" అనే మూడు అంత్యములలో ఏదో ఒకదానితో ముగుస్తుంది. ఈ అంత్యమును బట్టి క్రియలు మూడు గణములుగా విభజింపబడ్డాయి. వర్తమాన కాలములో ఒక్కొక్క గణమునకు ఆరు రూపములు ఉంటాయి. ఈ రూపములు తెలిసినవారు వేల కొలది క్రియలను తడబాటు లేకుండా ప్రయోగించగలరు.

స్పానిష్ 20 దేశములలో అధికార భాషగా గాని, పాలనా భాషగా గాని వ్యవహారములో ఉన్నది. తెలుగులో వలెనే ఈ భాషలో కూడా కర్త ఎవరో క్రియాపదము చివరనే తెలిసిపోతుంది. "వస్తాను" అన్నప్పుడు "నేను" అని వేరుగా చెప్పనక్కర లేనట్లే, స్పానిష్‌లో కూడా సర్వనామము లేకుండానే వాక్యము పూర్తి అవుతుంది. అందుచేతనే చివరి అచ్చు ఒకటి తప్పినా, ఊనిక మారినా మాట్లాడుతున్నది ఎవరు, ఎవరిని గురించి అన్నది కూడా మారిపోతుంది.

## ఉచ్చారణ, లిప్యంతరీకరణ

ఈ వ్యాసములో స్పానిష్ పదములు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. ఈ క్రింది విషయములను గమనించవలెను.

* స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘ భేదము లేదు. కాని ప్రతి పదములో ఒక అచ్చును తక్కిన వాటికంటె గట్టిగా పలుకుతారు. దీనిని ఊనిక అంటారు. ఊనిక గల అచ్చు ఇక్కడ దీర్ఘముగా చూపబడినది.
* రోమన్ లిపిలోని "హెచ్" అక్షరము స్పానిష్‌లో పలకదు. "వి" అక్షరమును "బ" గానే పలుకుతారు. "జె" అక్షరమునకు "హ" వంటి ధ్వని ఉన్నది.
* "త", "ద", "ప", "క" ధ్వనులు తెలుగులోని వాటికి చాలా దగ్గరగా ఉంటాయి. కావున ఇంగ్లీషు వారికంటె తెలుగువారికి వీటిని పలకడము సులభము.
* స్పెయిన్ దేశములో ఎక్కువ ప్రాంతములలో పళ్ళ నడుమ నాలుక ఉంచి పలికే ఒక ధ్వనిని అమెరికా ఖండములలోని స్పానిష్ వారు "స" గా పలుకుతారు. ఇక్కడ "స" నే గ్రహించడమైనది.

## పరిభాష

'''మూలరూపము''' : నిఘంటువులో కనిపించే రూపము. ఇది తెలుగులోని "మాట్లాడడము", "తినడము" అనే అర్థమును ఇస్తుంది. ఉదాహరణకు అబ్లార్ (మాట్లాడడము), కొమేర్ (తినడము), బిబీర్ (జీవించడము, నివసించడము).

'''ధాతువు''' : మూలరూపము నుండి ఆర్, ఏర్, ఈర్ అంత్యములను తొలగించగా మిగిలిన భాగము. పై ఉదాహరణలలో అబ్ల్-, కొమ్-, బిబ్- అనేవి ధాతువులు.

'''పురుష''' : తెలుగు వ్యాకరణములో "నేను, మేము" ఉత్తమ పురుష, "నువ్వు, మీరు" మధ్యమ పురుష, "అతడు, ఆమె, వారు" ప్రథమ పురుష. పాశ్చాత్య వ్యాకరణములలో లెక్క "నేను" నుండి మొదలవుతుంది. కాబట్టి వారి "మొదటి పురుష" మన ఉత్తమ పురుష అవుతుంది గాని ప్రథమ పురుష కాదు. ఇతర భాషలలోని స్పానిష్ వ్యాకరణ గ్రంథములను చదివే విద్యార్థులు ఈ భేదమును గుర్తుంచుకోవలెను.

## మూడు గణముల రూపములు

| సర్వనామము | అర్థము | అబ్లార్ (మాట్లాడు) | కొమేర్ (తిను) | బిబీర్ (నివసించు) |
|---|---|---|---|---|
| యో | నేను | ఆబ్లొ | కోమొ | బీబొ |
| తూ | నువ్వు | ఆబ్లస్ | కోమెస్ | బీబెస్ |
| ఏల్, ఏయ, ఉస్తేద్ | అతడు, ఆమె, మీరు (ఒక్కరు) | ఆబ్ల | కోమె | బీబె |
| నొసోత్రొస్ | మేము, మనము | అబ్లామొస్ | కొమేమొస్ | బిబీమొస్ |
| బొసోత్రొస్ | మీరు (చనువు గల పలువురు) | అబ్లాయిస్ | కొమేయిస్ | బిబీస్ |
| ఏయొస్, ఏయస్, ఉస్తేదెస్ | వారు, మీరు (పలువురు) | ఆబ్లన్ | కోమెన్ | బీబెన్ |

ఈ పట్టికలో మొత్తము 18 రూపములు ఉన్నప్పటికీ, భిన్నమైన ప్రత్యయములు 13 మాత్రమే. వాటిలోని క్రమము ఇది:

* "నేను" అనే అర్థములో మూడు గణములకూ "ఒ" ఒక్కటే ప్రత్యయము.
* "నువ్వు" రూపము ఎల్లప్పుడూ "స్" తోను, "మేము" రూపము "మొస్" తోను, "వారు" రూపము "న్" తోను ముగుస్తాయి. గణమును బట్టి మారేది వాటి ముందున్న అచ్చు మాత్రమే.
* మొదటి గణమునకు గుర్తు "అ" కారము, రెండవ గణమునకు గుర్తు "ఎ" కారము.
* మూడవ గణము రూపములు రెండవ గణము రూపములవంటివే. నొసోత్రొస్, బొసోత్రొస్ రూపములలో మాత్రమే "ఇ" కారము కనిపిస్తుంది.

కావున రెండు వరుసలను కంఠస్థము చేసి, మూడవదానిలో రెండు భేదములను గుర్తుంచుకొన్నచో సరిపోతుంది.

### రూపములను కల్పించే విధానము

త్రబహార్ (పని చేయు) అనే క్రియను తీసుకొందాము. ఇది "ఆర్" తో ముగుస్తున్నది కనుక మొదటి గణమునకు చెందినది. అంత్యమును తొలగించగా త్రబహ్- మిగులుతుంది. దీనికి మొదటి గణము ప్రత్యయములను వరుసగా చేర్చగా త్రబాహొ, త్రబాహస్, త్రబాహ, త్రబహామొస్, త్రబహాయిస్, త్రబాహన్ అనే రూపములు ఏర్పడతాయి. ఇదే విధముగా ఎస్క్రిబీర్ (వ్రాయు) నుండి ఎస్క్రీబొ, ఎస్క్రీబెస్, ఎస్క్రీబె, ఎస్క్రిబీమొస్, ఎస్క్రిబీస్, ఎస్క్రీబెన్ అనేవి వస్తాయి.

### తరచుగా వాడే నియత క్రియలు

* '''మొదటి గణము''' : ఎస్తుదియార్ (చదువుకొను), ఎన్సెన్యార్ (బోధించు), కొంప్రార్ (కొను), కంతార్ (పాడు), కమినార్ (నడచు), యెగార్ (చేరు), మిరార్ (చూచు), ప్రెగుంతార్ (అడుగు).
* '''రెండవ గణము''' : బెబేర్ (త్రాగు), అప్రెందేర్ (నేర్చుకొను), లెయేర్ (చదువు), బెందేర్ (అమ్ము), కొర్రేర్ (పరుగెత్తు), కొంప్రెందేర్ (అర్థము చేసుకొను).
* '''మూడవ గణము''' : అబ్రీర్ (తెరచు), సుబీర్ (ఎక్కు), రెసిబీర్ (అందుకొను), పర్తీర్ (బయలుదేరు).

మూడింటిలో మొదటి గణము అన్నింటికంటె పెద్దది. భాషలోకి క్రొత్తగా వచ్చే క్రియలు కూడా సాధారణముగా దీనిలోనే చేరతాయి. ఇంగ్లీషులోని "స్కాన్" అనే మాటనుండి ఎస్కనెయార్, "చాట్" అనే మాటనుండి చతెయార్ అనే క్రియలు ఏర్పడ్డాయి. తెలుగులో ఇటువంటి అన్యదేశ్యములకు "చేయు" చేర్చి "స్కాన్ చేస్తాను" అంటాము. స్పానిష్ వారు తమ గణములో చేర్చుకొని "ఎస్కనేయొ" అంటారు.

## ఊనిక మరియు అర్థ భేదము

పట్టికను గమనించినచో ఏకవచన రూపములు మూడింటిలోను, "వారు" రూపములోను ఊనిక ధాతువుపై ఉన్నట్లు తెలుస్తుంది (ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, ఆబ్లన్). నొసోత్రొస్, బొసోత్రొస్ రూపములలో మాత్రము ఊనిక ప్రత్యయము మీదికి జరుగుతుంది (అబ్లామొస్, అబ్లాయిస్).

ఇది కేవలము ఉచ్చారణ సౌందర్యమునకు సంబంధించిన విషయము కాదు. "ఆబ్లొ" అనగా "నేను మాట్లాడతాను". అవే అక్షరములను ఊనిక మార్చి "అబ్లో" అని పలికినచో "అతడు మాట్లాడాడు" లేదా "ఆమె మాట్లాడింది" అని అర్థము. ఒక్క ఊనిక తప్పినందున పురుష, కాలము రెండూ మారిపోయాయి. వ్రాతలో ఈ భేదమును తెలపడానికి రెండవ రూపములోని చివరి అచ్చుపై ఏటవాలు గీత పెడతారు. ఈ గీతను అలంకారముగా భావించి వదలివేయరాదు.

అలాగే మొదటి, మూడవ గణములలో "మేము" రూపము వర్తమానమునకు, భూతకాలమునకు ఒకే విధముగా ఉంటుంది. "అబ్లామొస్" అనగా "మాట్లాడతాము" అని గాని, "మాట్లాడాము" అని గాని అర్థము కావచ్చును. అయేర్ (నిన్న), మన్యాన (రేపు) వంటి పదముల సహాయముతోను, సందర్భమును బట్టియు అర్థమును గ్రహించవలెను. రెండవ గణములో ఈ చిక్కు లేదు. "కొమేమొస్" అనగా "తింటాము", "కొమీమొస్" అనగా "తిన్నాము".

## సర్వనామమును వదలివేయుట

ఇంగ్లీషులో వర్తమాన క్రియ అన్ని పురుషలకు దాదాపు ఒకే రూపముతో ఉంటుంది. అందువలన సర్వనామము తప్పనిసరి. ఫ్రెంచి భాషలో ప్రత్యయములు వ్రాతలో మిగిలినా మాటలో చాలవరకు లుప్తమైనందున అక్కడా సర్వనామము అవసరమవుతుంది. స్పానిష్, తెలుగు భాషలలో ప్రత్యయములు స్పష్టముగా వినబడతాయి. కావున సాధారణ సంభాషణలో సర్వనామమును వదలివేయడమే సహజము. ప్రతి వాక్యములోను "యో, యో" అని పలికితే, తెలుగులో ప్రతి మాటకు ముందు "నేను, నేను" అన్నట్లే వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

అయితే సర్వనామము అవసరమయ్యే సందర్భములు రెండు కలవు.

# '''భేదమును చూపునపుడు''' : "యో త్రబాహొ, తూ దెస్కాన్సస్" (నేను పని చేస్తాను, నువ్వు విశ్రాంతి తీసుకొంటావు).
# '''సందేహమునకు తావున్నపుడు''' : "దోందె బీబె?" అనే ప్రశ్నకు "అతడు ఎక్కడ ఉంటాడు?", "ఆమె ఎక్కడ ఉంటుంది?", "మీరు ఎక్కడ ఉంటారు?" అని మూడు అర్థములు వస్తాయి. ఎదుటివారినే అడుగుతున్నామని తెలపడానికి "దోందె బీబె ఉస్తేద్?" అంటారు.

తెలుగులో "ఉంటాడు", "ఉంటుంది" అని క్రియలోనే లింగభేదము కనిపిస్తుంది. స్పానిష్ క్రియలో లింగభేదము లేదు. దానికి బదులు సర్వనామములో ఉన్నది. స్త్రీలు మాత్రమే ఉన్న బృందము తమను గురించి చెప్పుకొనేటప్పుడు నొసోత్రొస్ అనక నొసోత్రస్ అంటారు. తెలుగులోని "మేము", "మనము" అనే విభాగము మాత్రము స్పానిష్‌లో లేదు.

## గౌరవ రూపములు

తెలుగులో "నువ్వు", "మీరు" ఉన్నట్లే స్పానిష్‌లో చనువు గలచోట "తూ", మన్నించవలసినచోట "ఉస్తేద్" వాడతారు. "బుఎస్త్ర మెర్సేద్" అనే పూర్వపు గౌరవ సంబోధన క్రమముగా అరిగి "ఉస్తేద్" అయినది. దాని అర్థము "తమ అనుగ్రహము" వంటిది. ఎదుటి మనిషిని నేరుగా పిలువక ఆయన గుణమును పిలిచినందువలన క్రియ ప్రథమ పురుషలో వచ్చినది. నేటికీ "ఉస్తేద్ ఆబ్ల" అంటారే గాని "ఉస్తేద్ ఆబ్లస్" అనరు.

తెలుగువారు పొరబడడానికి అవకాశము ఎక్కువగా ఉన్నది ఇక్కడనే. తెలుగులో గౌరవమునకు గుర్తు బహువచనము. ఒక్కరినే అయినా "మీరు మాట్లాడతారు" అంటాము, ఎదురుగా లేని పెద్దలను గురించి కూడా "గురువుగారు మాట్లాడతారు" అంటాము. స్పానిష్‌లో గౌరవమునకు గుర్తు బహువచనము కాదు.

* ఒక్క పెద్దమనిషితో "ఆబ్ల" అని ఏకవచనమే వాడవలెను. "ఆబ్లన్" అంటే ఆయన వెంట మరికొందరు ఉన్నారని అర్థము చేసుకొంటారు.
* "ఎల్ ప్రొఫెసోర్ ఆబ్ల" (ఉపాధ్యాయుడు మాట్లాడతారు) అనడములో ఎట్టి అమర్యాద లేదు. "ఎల్ ప్రొఫెసోర్ ఆబ్లన్" అనడము వ్యాకరణ దోషము.
* పలువురితో మాట్లాడేటప్పుడు మాత్రము రెండు భాషలకూ చక్కని పోలిక ఉన్నది. తెలుగులో "మీరు వస్తారు", "వారు వస్తారు" అనే వాక్యములలో క్రియ ఒక్కటే. స్పానిష్‌లో కూడా "ఉస్తేదెస్ ఆబ్లన్", "ఏయొస్ ఆబ్లన్" అనే వాక్యములలో క్రియ ఒక్కటే.

## ప్రాంతీయ భేదములు

'''బొసోత్రొస్''' రూపము ప్రధానముగా స్పెయిన్ దేశములో వాడుకలో ఉన్నది. లాటిన్ అమెరికా దేశములలో చనువు ఉన్నా లేకపోయినా పలువురిని "ఉస్తేదెస్" అనే సంబోధిస్తారు. కావున ఆ దేశముల వ్యవహారమునకు ఐదు రూపములు చాలును. అయినప్పటికీ స్పెయిన్ సాహిత్యమును, చలన చిత్రములను అర్థము చేసుకోవడానికి ఆరవ రూపము తెలిసి ఉండవలెను.

అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే దేశములలోను, మధ్య అమెరికాలో చాలాచోట్ల "తూ" కు బదులు '''బోస్''' అనే సర్వనామము వినిపిస్తుంది. అర్జెంటీనాలో దీనితో వచ్చే రూపములు అబ్లాస్, కొమేస్, బిబీస్. "తూ ఆబ్లస్" అనే రూపమునకు, "బోస్ అబ్లాస్" అనే రూపమునకు భేదము ఊనికలోనే ఉన్నది.

## వర్తమాన కాలము యొక్క ప్రయోగములు

తెలుగులో "తింటాను", "తింటున్నాను" అని రెండు విధములుగా చెప్పే అర్థములను స్పానిష్‌లో "కోమొ" అనే ఒకే రూపముతో చెప్పవచ్చును. సందర్భమును బట్టి ఈ కాలమునకు గల ముఖ్య ప్రయోగములు ఇవి:

* '''అలవాటు''' : "లేయొ ఎల్ పెరియోదికొ తోదస్ లస్ మన్యానస్" (రోజూ ఉదయము వార్తాపత్రిక చదువుతాను).
* '''ఇప్పుడు జరుగుతున్న పని''' : "కే లేయెస్?" (ఏమి చదువుతున్నావు?).
* '''సర్వకాల సత్యము''' : "ల తియేర్ర హీర అల్రెదెదోర్ దెల్ సోల్" (భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది).
* '''సమీప భవిష్యత్తు''' : "మన్యాన యెగామొస్ అ మద్రీద్" (రేపు మాడ్రిడ్ చేరతాము). తెలుగులో "రేపు వస్తాను", "రోజూ వస్తాను" అనే రెండింటికీ ఒకే క్రియారూపము ఉన్నది కనుక ఈ ప్రయోగము మనకు క్రొత్త కాదు.
* '''గతములో మొదలై నేటికీ సాగుతున్న పని''' : "బీబొ ఎన్ లీమ దెస్దె ఆసె దియేస్ ఆన్యొస్" (పది సంవత్సరములుగా లీమాలో నివసిస్తున్నాను). ఇక్కడ ఇంగ్లీషులో వేరొక కాలము వాడతారు. స్పానిష్, తెలుగు భాషలలో వర్తమానమే చాలును.
* '''చరిత్ర కథనము''' : 1492లో కొలంబస్ అమెరికా చేరిన సంఘటనను చెప్పేటప్పుడు "కొలోన్ యేగ అ అమేరిక" (కొలంబస్ అమెరికా చేరుకొంటాడు) అని వర్తమానములో వ్రాయవచ్చును.

## వ్యతిరేకార్థము, ప్రశ్నార్థకము

వ్యతిరేకార్థమునకు క్రియ ముందు "నో" చేర్చితే చాలును. క్రియారూపము మారదు: "ఆబ్లొ ఎస్పన్యోల్" (స్పానిష్ మాట్లాడతాను), "నో ఆబ్లొ ఎస్పన్యోల్" (స్పానిష్ మాట్లాడను). తెలుగులో "మాట్లాడతాను", "మాట్లాడను" అని రూపమే మారుతుంది. ఈ విషయములో స్పానిష్ సులభతరము.

అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నకు స్వరము హెచ్చించి పలికితే సరిపోతుంది: "ఆబ్లస్ ఎస్పన్యోల్?" (స్పానిష్ మాట్లాడతావా?). తెలుగులోని "ఆ" వంటి ప్రశ్నార్థక ప్రత్యయము లేదు. అందుచేత ప్రశ్న అని ముందుగానే తెలియడానికి వ్రాతలో వాక్యమునకు మొదట తలక్రిందుల ప్రశ్న గుర్తును కూడా ఉంచుతారు. ఈ పద్ధతిని రాయల్ స్పానిష్ అకాడమీ 1754లో ప్రవేశపెట్టినది.

## వ్రాతలో మాత్రమే మారే క్రియలు

కొన్ని నియత క్రియలు వ్రాతలో మారినట్లు కనిపిస్తాయి. ఉదాహరణకు ప్రొతెహేర్ (రక్షించు) అనే క్రియలోని "జి" అక్షరము "నేను" రూపములో "జె" గా మారుతుంది. బెన్సేర్ (జయించు) అనే క్రియలోని "సి" అక్షరము "జెడ్" గా మారుతుంది. ఈ మార్పు ధ్వనిని నిలుపుకొనడానికే గాని వేరు కాదు. రోమన్ లిపిలో "జి", "సి" అక్షరముల ధ్వని తరువాత వచ్చే అచ్చును బట్టి మారిపోతుంది కనుక అక్షరమును మార్చవలసి వచ్చినది. ప్రొతేహొ, బేన్సొ అని తెలుగు లిపిలో వ్రాసినపుడు ఈ మార్పు అసలు కనిపించనే కనిపించదు. చెవికి ఇవి నియత క్రియలే.

## అనియత క్రియలు

నిత్య వ్యవహారములోని కొన్ని క్రియలు పై పద్ధతిని పూర్తిగా పాటించవు. సేర్ (అగు), ఈర్ (వెళ్ళు), తెనేర్ (కలిగియుండు) అనేవాటి "నేను" రూపములు వరుసగా సోయ్, బోయ్, తేంగొ. ఇటువంటి వాటిని విడిగా నేర్చుకోవలెను.

మరికొన్ని క్రియలలో ప్రత్యయములు యథాతథముగా ఉండి, ధాతువులోని అచ్చు మాత్రము మారుతుంది. దొర్మీర్ (నిద్రించు) నుండి ద్వేర్మొ, ద్వేర్మెస్, ద్వేర్మె, దొర్మీమొస్, దొర్మీస్, ద్వేర్మెన్ అనే రూపములు వస్తాయి. ధాతువుపై ఊనిక పడిన నాలుగు చోట్లనే మార్పు జరిగినదని గమనించవచ్చును. నియత క్రియలలోని ఊనికను బాగుగా గుర్తుపెట్టుకొన్న విద్యార్థికి ఈ మార్పు కూడా ఒక నియమము వలెనే కనిపిస్తుంది.

## చరిత్ర

స్పానిష్ క్రియా ప్రత్యయములు లాటిన్ నుండి సంక్రమించాయి. లాటిన్‌లో నాలుగు గణములు ఉండేవి. వాటిలో రెండవది, మూడవది చాలవరకు స్పానిష్ "ఏర్" గణములో కలిసిపోయాయి. మూడవ గణములోని కొన్ని క్రియలు "ఈర్" గణములో చేరాయి. లాటిన్‌లోని "వీవెరె" స్పానిష్‌లో బిబీర్ అయినది ఈ విధముగానే.

"ప్రేమించు" అనే అర్థము గల క్రియ లాటిన్‌లో అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్ అని నడిచేది. స్పానిష్‌లో ఇదే క్రియ ఆమొ, ఆమస్, ఆమ, అమామొస్, అమాయిస్, ఆమన్ అయినది. ప్రథమ పురుషలో చివరి "త్" కారము లోపించినది. "అమాతిస్" అనేది "అమాదెస్" అనే మధ్య రూపము ద్వారా "అమాయిస్" గా మారినది. తక్కినవి దాదాపు అలాగే నిలిచాయి. ప్రత్యయములు చెక్కు చెదరనందువలననే సర్వనామమును వదలివేసే లాటిన్ అలవాటు కూడా స్పానిష్‌లో నిలిచియున్నది.

స్పానిష్ భాషకు మొదటి ముద్రిత వ్యాకరణమును ఆంతోనియో దె నెబ్రిహ అనే పండితుడు 1492లో ప్రకటించెను. రాయల్ స్పానిష్ అకాడమీ 1713లో స్థాపింపబడినది.

## తెలుగువారు – స్పానిష్ భాష

హైదరాబాదులోని ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయములో స్పానిష్ బోధింపబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల పాఠశాలలలో విద్యార్థులు అత్యధికముగా ఎంచుకొనే అన్య భాష స్పానిష్ కావడము వలన, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలో కూడా అనేకులు దీనిని అభ్యసిస్తున్నారు. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకొనే విద్యార్థికి క్రియాపదము చివర పురుష ఎందుకు కనిపిస్తుందో మొదట వింతగా తోచవచ్చును. "వస్తాను, వస్తావు, వస్తాము, వస్తారు" అని ఇంట్లో పలికే పిల్లలకు ఆ సూత్రము అప్పటికే తెలుసు. వారు క్రొత్తగా నేర్వవలసినది ప్రత్యయములను, ఊనికను, గౌరవ రూపములోని ఏకవచనమును మాత్రమే.

## ఇవి కూడా చూడండి

* స్పానిష్ భాష
* లాటిన్ భాష
* రోమాన్సు భాషలు
* తెలుగు వ్యాకరణము
* క్రియ